చేతులు చూపించే వేళ

అరటికాయ చక్రాలు పల్చగా, అన్నీ ఒకే మందంలో రావాలి. మందంగా ఉంటే గోపికి నచ్చదు. నచ్చలేదని నోటితో అనడు. కంచంలో ఒక పక్కకి నెట్టేసి, చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. స్టీలు ప్లాంటులో అతనికి పొద్దుటి షిఫ్టు పడిన వారమల్లా ఐదుంబావుకి బస్సు కూర్మన్నపాలెం జంక్షన్లో ఉంటుంది కాబట్టి, నాలుగున్నరకే గౌరీశ్వరి కత్తిపీట ముందు కూర్చోవాలి. ఆ వేళకి మనిషి సగమే లేచి ఉన్నా ఫర్వాలేదు, చేతులు మాత్రం పూర్తిగా లేచి ఉండాలి. ఆ బుధవారం చేతులకి కూడా నిద్ర వదిలినట్టు లేదు. కాయ జారింది. కుడిచేతి బొటనవేలి కండలోకి కత్తి దిగింది.

“అమ్మా” అంది, గట్టిగా కూడా కాదు. బూట్ల తాళ్ళు బిగించుకుంటున్న గోపి తలెత్తాడు.

“ఏమైంది?”

“వేలు తెగిందండీ.”

“కూరలో పడలేదు కదా రక్తం?”

గోపి చెడ్డవాడని చెప్పడానికి కాదు ఈ కథ. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి తల్లి చేతికిస్తాడు, అడిగితే భార్యకీ ఇస్తాడు. అమలాపురం దగ్గర్నుంచి విశాఖపట్నం వచ్చి పన్నెండేళ్ళుగా కోక్ ఓవెన్ల దగ్గర కాలిపోతూ పని చేస్తున్నవాడు. పొద్దున్నే బస్సు తప్పిపోతుందేమోనన్న కంగారులో నోటికి వచ్చిన మాట అది. లేదండీ, పడలేదు అంది గౌరీశ్వరి. అతను హమ్మయ్య అనుకుని రెండో బూటు అందుకున్నాడు. ముందుగదిలోంచి అత్తగారు మంగాయమ్మ, పక్క మీంచి లేవకుండానే, “చూసుకుని తరుక్కోవద్దటే అమ్మాయ్! మేం వేలు తెగితే ఇంత పసుపు అద్దుకుని ఇంకో పది కాయలు తరిగేవాళ్ళం” అంది. ఆవిడా అబద్ధం చెప్పడం లేదు. తరిగే ఉంటుంది.

బొటనవేలు లేకుండా చేసే పని ఇంట్లో ఒక్కటీ లేదని గౌరీశ్వరికి ఆ పూటే తెలిసింది. చింతపండు పిసికితే మంట. ఉప్పు తీస్తే మంట. సబ్బునీళ్ళలో గిన్నెలు తోమితే మంట. గోపి యూనిఫాం పిండాలంటే బొటనవేలు కావాలి, కారియర్ క్లిప్పు నొక్కాలంటే కావాలి, జాకెట్టు హుక్సు పెట్టుకోవాలన్నా కావాలి. ఏడేళ్ళ కూతురు హరిచందన రెండు జడలూ వదులుగా ఉన్నాయని, మళ్ళీ వెయ్యమని కాళ్ళు నేలకేసి కొట్టింది. మళ్ళీ వేసింది. ఇంత పనిలోనూ ఒక్కరు, “ఉండు, ఆ గిన్నెలు నేను కడుగుతాను” అంటారేమోనని చూసింది. నిజంగానే చూసింది, కొత్తపెళ్ళికూతురిలా. ముప్ఫై రెండేళ్ళు వచ్చాక ఇలాంటి ఆశలు పెట్టుకోవడం ఆమెకే సిగ్గనిపించింది. గోపి ప్లాంటు నుంచి తెచ్చి అలమార్లో పడేసిన ప్లాస్టరు పట్టీల్లోంచి ఒకటి తీసి వేలికి చుట్టుకుని, ఆరూ నలభైకి బస్సెక్కింది. పసుపు అద్దుకోలేదు. పసుపు ఎందుకు అద్దుకోకూడదో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

గౌరీశ్వరి ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కంపెనీలో సూపర్వైజరు. కంపెనీ అంటే పెద్ద రేకుల షెడ్డు, దాని పక్కన ఐసు గది, పైన మేడ మీద మేనేజరు అర్జునరావు గది. జాలారిపేట నుంచీ చుట్టుపక్కల నుంచీ వచ్చే నలభై మంది ఆడవాళ్ళు ఐసునీళ్ళలో చేతులు పెట్టి రోజంతా రొయ్యలు ఒలుస్తారు. ఆ మధ్య పై దేశాల వాళ్ళు మన సరుకు శుభ్రంగా లేదని పేచీ పెట్టిన దగ్గర్నుంచి, షెడ్డు గుమ్మంలోనే చేతుల తనిఖీ మొదలైంది. చేతికి గాయం ఉన్నవాళ్ళు సరుకు ముట్టుకోకూడదు. మొదటిసారి దొరికితే ఆ పూట ఇంటికి. రెండోసారి దొరికితే వారం. మూడోసారి దొరికితే పేరు కొట్టేస్తారు. ఆ పేరు హార్బరు పొడుగునా ఉన్న మిగతా షెడ్లకి కూడా చేరిపోతుంది. ఇక ఆ మనిషి రొయ్య ముట్టుకునే చోటు ఊళ్ళో ఉండదు. రొయ్యకి మాత్రం తలమీద కొమ్ము ఉంటుంది, రోజుకి పదిసార్లు గుచ్చుకుంటుంది. గుచ్చుకోకుండా రొయ్యలు ఒలిచే ఆడది ఇంకా పుట్టలేదు. గ్లవ్స్ ఉన్నాయి, అర్జునరావు బీరువాలో. బయ్యర్ల తరఫు మనిషి వచ్చిన రోజున బయటికి తీస్తారు, అతను వెళ్ళగానే లెక్కపెట్టి లోపల పెడతారు.

ఆ తనిఖీ గౌరీశ్వరి పని. జువాలజీలో డిగ్రీ చదివి నాలుగేళ్ళుగా చేస్తున్నది ముఖ్యంగా ఇదే. కొత్తగా ఎవరినైనా పనిలో పెట్టుకోవాలన్నా ముందు వాళ్ళ చేతులు ఆమె చూసి ఊఁ అనాలి. ఆడవాళ్ళు వరసలో నిలబడి అరచేతులు చాపుతారు, తిప్పుతారు, పక్కనున్న తొట్టిలో క్లోరిన్ నీళ్ళలో ముంచుతారు. మొదట్లో ఆమెని చాలా మోసం చేశారు. పసుపు రాసుకుంటే మరక పట్టిస్తుందని రాసుకోవడం మానేశారు. కొవ్వొత్తి కరిగించి ఆ మైనం గాయంలో దట్టించి, పైన మట్టి రుద్ది చర్మంలో కలిపేసేవాళ్ళు. అలాంటి వాళ్ళని పట్టుకోవడానికి గౌరీశ్వరి ఒక ఉపాయం కనిపెట్టింది. చేతుల కేసి చూడదు. క్లోరిన్ నీళ్ళలో చెయ్యి పెట్టినప్పుడు మొహం కేసి చూస్తుంది. తెగిన చెయ్యి అయితే కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంటుంది. అంతే. ఆ రెప్పపాటు చాలు ఆమెకి. “మా మేడం కళ్ళు చూసి చేతులు చెప్పేస్తారండీ” అని అర్జునరావు బయ్యర్ల దగ్గర గొప్పగా చెప్పేవాడు. ఆ మాట ఇంటికి వెళ్ళి గోపికి చెప్పుకుని మురిసిపోయింది కూడా, ఒక రోజు. గోపి టీవీలో క్రికెట్ చూస్తూ, “ముందు స్నానం చేసి రా, కంపు కొడుతున్నావు” అన్నాడు.

కంపు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. గోపి ఒంటి మీద బొగ్గుమసి వాసన వస్తే అది కష్టం. గౌరీశ్వరి ఒంటి మీద రొయ్యల వాసన వస్తే అది కంపు. పెరటి గుమ్మంలోంచి వచ్చి, పెరట్లోనే తలంటుకుని, ఆ తర్వాతే వంటింట్లోకి రావాలని మంగాయమ్మ నియమం. పుష్యం, మాఘం చలి అని లేదు. ఉద్యోగం ఒప్పుకున్న రోజున గోపి పెట్టిన షరతు ఇంకొకటి ఉంది. “నీ సరదా నేను కాదనను. కానీ అక్కడ ఎవరి చేతా ఒక్క మాట పడ్డా, ఆ మర్నాడే మానేస్తావు.” సరదా అన్నాడు. ఆ సరదా కోసమే ఆమె నాలుగేళ్ళుగా ఎవరి చేతా ఒక్క మాట పడకుండా, ఎంతమంది చేతులో వెనక్కి పంపించింది.

ఆ బుధవారం షెడ్డులోకి వెళ్ళే ముందు అలవాటు ప్రకారం తనూ తొట్టిలో చేతులు ముంచింది. ప్లాస్టరు కిందికి నీళ్ళు దూరాయి. వేలి దగ్గర మొదలైన మంట మోచేతి దాకా పాకింది. ఆమె రెప్ప కొట్టుకుంది.

చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. ఆమె మొహం కేసి చూసే ఉద్యోగం ఆ షెడ్డులో ఎవరికీ లేదు. కానీ గౌరీశ్వరి తొట్టి దగ్గరే నిలబడిపోయింది. ఇదా? ఇన్నాళ్ళూ తను పట్టుకుంటున్నది దీన్నా? నాలుగేళ్ళలో ఎన్ని వందల రెప్పపాట్లు చూసిందో! చూసిన ప్రతిసారీ దొరికావులే అనుకుందే గాని, మండుతోందా అని ఒక్కరిని అడగలేదు. కూరలో రక్తం పడిందా అని గోపి అడిగాడని పొద్దుట్నుంచి మనసు కష్టపెట్టుకుంది కదా, మరి తను రోజూ ఆ గుమ్మంలో నిలబడి అడుగుతున్న ప్రశ్న ఏమిటి? సరుకులో పడిందా? అంతేగా. గోపి ఒక్కసారి అడిగాడు. తను ఆదివారాలు మినహా రోజూ అడుగుతోంది.

ఆడవాళ్ళు వరస కట్టారు. ఆరో మనిషి సూర్యకళ. జాలారిపేట మనిషి, నలభైకి దగ్గర్లో ఉంటుంది. భర్త గురువులు బోటు మీద నడుం విరిగి మూడేళ్ళుగా మంచం దిగడు. సూర్యకళ చేతులు ఇప్పటికి రెండుసార్లు దొరికాయి. రెండుసార్లూ పట్టుకున్నది గౌరీశ్వరే. ఆమె చెయ్యి చాపింది, తిప్పింది, తొట్టిలో ముంచింది. రెప్ప కొట్టుకోలేదు. మొహం రాయిలా పెట్టుకుంది. నిన్నటిదాకా అయితే గౌరీశ్వరి సరే వెళ్ళు అనేసేది. ఇవాళ మాత్రం అంత రాయిలా పెట్టుకోవడం చూస్తేనే అర్థమైపోయింది. సూర్యకళ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చిటికెన వేలి పక్కన మైనం మెరుస్తోంది. చుట్టూ వాపు.

సూర్యకళ తన చేతి కేసి చూసుకోవడం లేదు. తన చేతిని పట్టుకున్న గౌరీశ్వరి చేతి కేసి చూస్తోంది.

“ఏటైనాది మేడంగారూ, ఏలికి?”

“కత్తిపీటకి తెగింది.”

“అయ్యో. బొటనేలే. నొప్పెక్కువుంటాది. ఏ పనీ సెయ్యనివ్వదు అది.”

పొద్దున్నుంచి ఇంట్లో ముగ్గురు మనుషుల మధ్య తిరిగింది గౌరీశ్వరి. ఈ మాట వినడానికి రెండు బస్సులు మారి ఇంత దూరం రావలసి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్లోరిన్ ఘాటు అనుకుంటారులే అనుకుని తుడుచుకుంది. “వెళ్ళు, లోపలికి వెళ్ళు” అంది. సూర్యకళ ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో ముగ్గురిని కూడా అలాగే పంపించింది. ఆ రోజు మొహాల కేసి చూడలేదు. నాలుగేళ్ళకి ఒక మంచి పని చేశాను అనుకుంది. అంత చిన్న పనికి అంత సంతోషం రావడం ఆమెకే వింతగా ఉంది. టేబుళ్ళ మధ్య తిరుగుతూ, రొయ్యలు చేత్తో తీసి వీపు మీది నల్లనరం పూర్తిగా వచ్చిందో లేదో చూస్తూ, ఎప్పుడూ లేనిది ఇద్దరు ముగ్గురితో నవ్వుతూ మాట్లాడింది. వేలి మంట సంగతి మర్చిపోయింది కూడా.

మధ్యాహ్నం మూడింటికి తూకం బల్ల దగ్గర కేకలు వినిపించాయి. బయ్యర్ల తరఫు మనిషి చెప్పకుండా వచ్చాడు. గ్లవ్స్ బయటికి తీసే వ్యవధి కూడా దొరకలేదు అర్జునరావుకి. ఒలిచిన రొయ్యల ట్రే ఒకటి బల్లమీద ఉంది. తెల్లటి రొయ్యల మధ్య చర్మం రంగులో, మెలితిరిగిన ప్లాస్టరు పట్టీ ఉంది. ట్రేకి కట్టిన బిళ్ళ మీద పదిహేడో నంబరు. సూర్యకళది.

గౌరీశ్వరి కుడిచెయ్యి తనంత తనే పిడికిలి బిగుసుకుంది. బొటనవేలు లోపలికి వెళ్ళి దాక్కుంది. తడిమి చూసుకుంది. వేలికి ఏమీ లేదు. ఉట్టి చర్మం.

“ఎవరిదిది?” అని అరిచాడు అర్జునరావు. పదిహేడో నంబరుని పిలిపించి చేతులు చాపమన్నాడు. ఐసునీళ్ళకి మైనం ఎప్పుడో ఊడిపోయింది. చిటికెన వేలి పక్కన గాయం ఎర్రగా నోరు తెరుచుకుని ఉంది. “ఇదిగోనండీ, దొరికింది” అన్నాడు అర్జునరావు బయ్యర్ మనిషితో, ఊపిరి పీల్చుకుని. తర్వాత గౌరీశ్వరి కేసి తిరిగాడు.

“మేడం, పొద్దున్న ఈవిడ చేతులు చూశారా?”

“చూశాను.”

“మరి?”

ఇదీ సమయం. నోరు తెరిస్తే అయిపోతుంది. నాదండీ అంటే చాలు. కానీ ఆ మాట కంటే ముందు గోపి మొహం వచ్చి నిలబడింది. ఒక్క మాట పడ్డా మానేస్తావు. ఇంత బతుకులో ఆమెది అని చెప్పుకోవడానికి ఉన్నది పొద్దున్న ఆరూ నలభై నుంచి సాయంత్రం ఆరు దాకా ఉండే ఆ కాస్త సమయం. బస్సులో కిటికీ పక్క సీటు. గౌరీశ్వరిగారూ అని ఎవరో పిలవడం. అదంతా పోయి, ఇక రోజంతా ఆ వంటింట్లో, ఆ కత్తిపీట ముందు.

“నాకు కనపడలేదండీ” అంది.

సూర్యకళ తలెత్తి గౌరీశ్వరి మొహం కేసి చూసింది. అక్కడినుంచి చూపు కిందికి దిగి, బిగించిన పిడికిలి మీద ఆగింది. పొద్దున్న ఆ చెయ్యే తన చేతిని పట్టుకుంది కదా! ఆమెకి అంతా తెలిసిపోయిందని గౌరీశ్వరికి తెలిసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకుంది. చెప్పేస్తే బాగుండునని కూడా అనుకుంది.

“నాదే బాబూ,” అంది సూర్యకళ. “ఆ పట్టీ నాదే. మేడంగారికి కనపడకుండా దాసీసినాను. తప్పైపోనాది.”

నలభై మంది ఆడవాళ్ళూ చేతులు ఐసులో పెట్టుకునే నిలబడి విన్నారు. అర్జునరావు పుస్తకం తెప్పించి పదిహేడో నంబరు మీద గీత కొట్టాడు. సూర్యకళ తల మీది టోపీ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు.

ఆ తర్వాత గంటసేపు గౌరీశ్వరి ఏం చేసిందో ఆమెకి గుర్తు లేదు. కొళాయి దగ్గర నిలబడి వేలు చూసుకుంటూ ఉండిపోయింది. నాని తెల్లబడిన చర్మం మధ్యలో చిన్న ఎర్రటి గీత. ఇంత గీతకి ఇంత కథా! అంతకంటే పెద్ద గాయంతో ఆ మనిషి పొద్దున్నుంచి ఐసునీళ్ళలో పని చేసింది. నా నొప్పి అడిగింది. నా తప్పు మీద వేసుకుంది. ఎందుకు వేసుకుంది? నన్ను చూసి జాలి పడిందా? పొద్దున్న లోపలికి పంపించానని విశ్వాసమా? ఎలా అనుకున్నా గౌరీశ్వరికి తన మొహం తనే చూసుకోలేనట్టుగా అయిపోయింది. మా అత్తగారు, మా ఆయన, వాళ్ళకి నా నొప్పి తెలియదని పొద్దున్న ఏడ్చానే, వాళ్ళకంటే నేను ఏం మెరుగు? వాళ్ళకి తెలియదు. నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఇది వాళ్ళు చేసిన దానికంటే నీచం కదూ. ఈ తప్పు దిద్దుకోకపోతే ఇక బతికున్నన్నాళ్ళూ ఎవరి చేతుల కేసీ చూడలేను అనుకుంది. అలా అనుకోగానే కొంచెం ధైర్యం వచ్చింది. మేడ మెట్లెక్కింది.

అర్జునరావు గదిలో బయ్యర్ మనిషి టీ తాగుతున్నాడు. అతను వెళ్ళేదాకా ఆగితే ఈ మాట ఈ గదిలోనే సమాధి అయిపోతుందని గౌరీశ్వరికి తెలుసు. అందుకే ఆగలేదు.

“ఆ ప్లాస్టరు నాదండీ. సూర్యకళది కాదు. ఇదిగో నా వేలు.”

అర్జునరావు మొహంలో రంగులు మారాయి. “మీరు కాస్త కిందికి వెళ్ళండి మేడం, తర్వాత మాట్లాడదాం” అన్నాడు.

“లేదండీ, ఇప్పుడే చెప్పాలి. ఆవిడ చేతికి గాయం ఉందని పొద్దున్న నాకు తెలుసు. తెలిసే పంపించాను. ఆవిణ్ణి మళ్ళీ తీసుకోండి.”

బయ్యర్ మనిషి కప్పు కింద పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు. అర్జునరావు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అతని గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువగా ఉంది. “ఆవిణ్ణి ఎలా తీసుకుంటానండీ? ప్లాస్టరు ఎవరిదైనా గాయం ఆవిడదే కదా. మూడోసారి. దానికి ఇందాకే గీత కొట్టేశాను. మీది మాత్రం ఎవరికీ తెలియకుండా పోయేది. ఇప్పుడు వీరు రాసుకుంటున్నారు. తెలిసి పంపించానని మీ నోటితో మీరే అన్నారు. నేనేం చెయ్యను? రేపట్నుంచి రాకండి. మీ స్థానంలో మద్రాసు కంపెనీలో చేసిన ఒకాయన ఉన్నాడు, ఆయన్ని పిలుస్తాను.” కాస్త ఆగి, “ఆ వేలికి ఏదైనా మందు రాసుకోండి, చీము పడుతుంది” అన్నాడు. మర్యాదస్తుడే.

మెట్లు దిగుతుంటే గౌరీశ్వరికి భయం వెయ్యలేదు. ఏదో దింపేసినట్టు తేలిగ్గా ఉంది. సూర్యకళకి పని తిరిగి రాలేదు, నిజమే. కానీ సరుకులో పట్టీ పడేసిందన్న నిందైనా పోయింది కదా. తన కోసం ఒకరు నోరు విప్పారని ఆమెకి తెలుస్తుంది కదా. ఇంట్లో గోపి ఏమంటాడో కూడా తలచుకుంది. కోప్పడడు. “పోనీలే, అమ్మకీ పెద్దతనం వచ్చింది, చేదోడుగా ఉంటావు” అంటాడు. మంగాయమ్మ ఆ రోజునుంచే పెరటి తలంటు నియమం ఎత్తేస్తుంది. అదంతా భరించాలి. భరిస్తాను అనుకుంది. ఒక మనిషి కోసం ఒకసారైనా నిలబడ్డానన్న ధీమా ఉంటే వంటింట్లో కూడా బతకొచ్చనిపించింది. జాలారిపేట ఎటో కనుక్కుని, సూర్యకళ ఇంటికి వెళ్ళి చెప్పి రావాలనుకుంటూ గేటు దాటింది.

వెళ్ళనక్కర్లేకపోయింది. గేటు బయట ఐసు లారీల పక్కన సూర్యకళే నిలబడి ఉంది. పక్కన పదిహేడేళ్ళ పిల్ల. తలకి నూనె రాసి బిగించి జడ వేశారు. ఉతికిన పరికిణీ ఓణీ.

“మీ కోసమే సూత్తన్నాం మేడంగారూ,” అంది సూర్యకళ. మొహంలో ఏడుపు జాడ లేదు. ఆత్రం ఉంది. “ఇది నా కూతురు, దేవి. టెన్త్ ఫెయిలైపోనాది. ఇంటికాడే ఉన్నాది. దీని సేతులు సూడండి. ఒక్క గీత నేదు. సూపించవే అమ్మా.”

దేవి రెండు అరచేతులూ చాపింది. తిప్పింది. ఎలా చూపించాలో ఇంట్లో నేర్పి తెచ్చినట్టున్నారు. నిజంగానే ఒక్క గీత లేదు. గోళ్ళు కత్తిరించి, సబ్బుతో రుద్ది, ఎర్రగా ఉన్నాయి.

“రేపు వరసలో నిలబెడతాను మేడంగారూ. మీరు ఊఁ అన్నారంటే సారు కాదనరు.”

గౌరీశ్వరి ఆ చేతుల మీంచి చూపు తిప్పుకుంది. “సూర్యకళా, ఆ ప్లాస్టరు నాదని సారుకి చెప్పేశాను” అంది. “బయ్యర్ మనిషి ముందే చెప్పాను. నీది కాదని చెప్పాను. నన్ను కూడా తీసేశారు.”

వెనక హార్బరులో బోట్ల ఇంజన్లు మొత్తుకుంటున్నాయి.

“ఎందుకు సెప్పినారు మేడంగారూ?”

“అది నాదే కదా. నా మూలంగా నువ్వు...”

“మీదని నాకు తెల్దా? పొద్దుట మీరు నా సెయ్యి పట్టుకున్నప్పుడే సూసినాను కదా. నా సెయ్యి ఎలాగూ తెగే ఉన్నాది. పట్టీ ఉన్నా నేకపోయినా నా పేరు పోయేదే. ఇంక పోయిందాన్ని పోనిచ్చి, మిమ్మల్నైనా ఉంచుకుందామనుకున్నాను. నాను నోరు మూసుకుంటే, రేపు నా పిల్లని మీరు కాదన్రు కదా, అనుకున్నాను. అందుకే నాదేనని సెప్పినాను.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. “ఇప్పుడు దీన్ని లోపలికి ఎవులు అంపుతారు? నా కూతురని తెలిత్తే గుమ్మం ఎక్కనిత్తారా? మీ గుండెల్లో బరువు దిగిపోనాది మేడంగారూ. మరి నానేటి సెయ్యాల?”

పొద్దున్నుంచి తనకి ఈ మనిషి నొప్పి తెలిసిందనుకుంది. తెలిసిందల్లా ఒక వేలు తెగితే ఎలా మండుతుందో అంతవరకే. మంచంలో మొగుడినీ, ఇంట్లో పిల్లనీ పెట్టుకుని, తూకం బల్ల ముందు నిలబడి, రెండు నిమిషాల్లో ఇంత ఆలోచించుకుని, చెయ్యని తప్పుని ఒప్పుకున్న మనిషి బతుకు గురించి తనకి ఏమీ తెలియదు. తెలియకుండానే ఆమె కోసం నిలబడ్డానని మురిసింది. మెట్లు దిగుతూ అనుకున్న మాటలన్నీ గుర్తొచ్చి, ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“కొత్తగా వచ్చే ఆయనతో చెప్పి చూస్తాను” అంది, నమ్మకం లేకుండానే.

“మీ మాట ఇంక ఎవులింటారు, అమ్మా?”

మేడంగారు అనలేదు. సూర్యకళ దేవి చేతులు రెండూ పట్టుకుని మెల్లిగా కిందికి దించింది. ఇంతసేపూ ఆ పిల్ల చాపే ఉంచింది. కూతురి భుజం మీద చెయ్యి వేసి రెండడుగులు నడిచి, మళ్ళీ ఎందుకో వెనక్కి తిరిగింది.

“ఇంటికెల్లండమ్మా, పొద్దుపోతన్నాది. ఎల్లి వొంట సేసుకోండి.”

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని గౌరీశ్వరి ఆమె మొహమంతా వెతికింది. లేదు.